ఎవరి పరువు? — 6వ భాగం: ముప్పై రెండో బ్లాకు

ఈ ధారావాహిక గత భాగం హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్ దగ్గర ఆగింది. 1978 మార్చి చివర్లో ఒక రాత్రి సెకండ్ షో సినిమా చూసి భర్తతో ఇంటికి వెళ్తున్న రమీజా బీని పోలీసులు స్టేషన్‌కు పట్టుకుపోయారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కి బతికే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. వేలమంది జనం స్టేషన్ మీదికి వచ్చారు. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పడింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. కమిషన్ ముందు పోలీసుల వైపు నుంచి వినిపించిన మాట ఒక్కటే. ఆమె మంచి మనిషి కాదట, ఆమె పెళ్లి పెళ్లే కాదట.

1978లోనే సుప్రీం కోర్టు మహారాష్ట్రలోని మథుర అనే ఆదివాసీ అమ్మాయి కేసులో ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు పెట్టలేదు, కాబట్టి ఆమె ఇష్టపడే ఉంటుందన్నది కోర్టు తర్కం. ఆ తీర్పు మీద 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయ అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. 1980 మార్చి 8న దేశంలోని పలు నగరాల్లో ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. చివరికి చట్టం మారింది. కస్టడీలోగానీ గుంపుగాగానీ అత్యాచారం చేసిన కేసులో, లైంగిక చర్య రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే కోర్టు ఆ మాట నిజమన్న చోట నుంచే మొదలుపెట్టాలి. ఇలాంటి నేరాలకు శిక్ష కనీసం పదేళ్లు. బాధితురాలి పేరు బయటపెట్టడమే నేరం. 1983 డిసెంబరు 25న ఈ సవరణ అమల్లోకి వచ్చింది.

దానికి పది నెలలు నిండాయో లేదో, దేశ రాజధానిలోనే పరీక్ష ఎదురైంది.

ఢిల్లీ తెలుగువాళ్లకు మయూర్ విహార్ తెలియని పేరేమీ కాదు. యమున దాటి తూర్పుకు వస్తే, నోయిడా పొలిమేర కంటే ముందే తగిలే కాలనీ. డీడీఏ ఫ్లాట్లు, సహకార సంఘాల అపార్ట్‌మెంట్లు, దక్షిణాది కుటుంబాలు, వాటి మధ్య గుళ్లు, కూరగాయల బళ్లు. ఇక్కడ పింక్ లైన్ మెట్రో ఎక్కితే మయూర్ విహార్ పాకెట్-1 తర్వాత వచ్చే స్టేషన్ త్రిలోక్‌పురి. మధ్యలో కొద్ది దూరమే. అయినా ఇళ్లు ఖాళీ చేయాల్సిన కుటుంబాల పునరావాసం తేలక, ఆ రెండు స్టేషన్ల మధ్య పట్టాలు కలవడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2021 ఆగస్టు 6న గానీ రైలు ఆ ఖాళీని దాటలేదు. ఈ రెండు పేటల మధ్య ఖాళీ మాత్రం మెట్రో కంటే చాలా పాతది.

త్రిలోక్‌పురి ఎమర్జెన్సీ బిడ్డ. 1975–77 మధ్య ఢిల్లీ నడిబొడ్డున గుడిసెలు కూల్చి, లక్షలాది మందిని లారీల్లో ఎక్కించి ఊరి అంచుల్లో దింపారు. అలా పుట్టిన పునరావాస కాలనీల్లో త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి, సుల్తాన్‌పురి, మంగోల్‌పురి పేర్లు తర్వాత పత్రికల్లో మరో కారణానికి కలిసి వచ్చాయి. కుటుంబానికి పాతిక గజాల జాగా. దాని మీద ఒక గది, కలిసొస్తే పైన ఇంకో గది. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. బ్లాకులకు పేర్లు పెట్టలేదు, అంకెలు వేశారు.

ముప్పై రెండో బ్లాకులో ఎక్కువగా లబానా సిక్కులు ఉండేవారు. వాళ్ల పెద్దలది సింధు ప్రాంతం. దేశ విభజనలో రాజస్థాన్‌లోని అల్వర్ వైపు వచ్చి, అక్కడ బతుకుదెరువు చాలక ఢిల్లీ చేరారు. మగవాళ్లలో నులక మంచాలు అల్లేవాళ్లు, వడ్రంగులు, ఆటో నడిపేవాళ్లు, రైల్వే స్టేషన్లో మూటలు మోసేవాళ్లు. ఆడవాళ్లు ఇంటి పట్టునే ఉండేవారు. కుళాయి దగ్గర కలుసుకోవడం, పెళ్లీ పేరంటం, గురుద్వారా, ఇదే వాళ్ల లోకం. పెళ్లి సంబంధాలు కులంలోనే, తెలిసిన ఇళ్ల మధ్యే. ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి బ్లాకంతా తెలిసిపోయే చోటది. రేపు జరగబోయే దానికి, ఆ తర్వాత కమ్ముకున్న మౌనానికి, ఈ చిన్న లోకమే పునాది.

1984 అక్టోబరు 31 బుధవారం ఉదయం ప్రధాని ఇందిరా గాంధీని ఆమె అంగరక్షకులే కాల్చి చంపారు. మర్నాడు ఢిల్లీ అంతటా సిక్కుల మీద దాడులు మొదలయ్యాయి. త్రిలోక్‌పురిలో నవంబరు 1 పగలు గురుద్వారా మీద పడ్డ గుంపులు ఆపైన ఇళ్ల మీదికి వచ్చాయి. తమను తాము కాపాడుకోవడానికి ఎదురు తిరిగిన సిక్కుల చేతుల్లోంచి పోలీసులు కత్తులు లాక్కున్నారనీ, ఆ తర్వాత గుంపును అడ్డుకోలేదనీ బతికి బయటపడినవాళ్లు చెప్పారు. కాలనీల కోసం భూములు పోగొట్టుకున్న చుట్టుపక్కల ఊళ్ల అక్కసు, స్థానిక నాయకుల ప్రోద్బలం, దొరికింది దోచుకోవచ్చన్న ఆశ, ఇవన్నీ ఆ గుంపులో ఉన్నాయని నిజనిర్ధారణ బృందాలు రాశాయి. గుంపు నడిపినవాళ్లలో ముఖం తెలిసినవాళ్లు ఉన్నారు. కుళాయి దగ్గర బిందె పెట్టి మాట్లాడిన ఇళ్లవాళ్లూ ఉన్నారు. తమ ఇళ్లలో సిక్కు కుటుంబాలను దాచి కాపాడిన హిందువులు, ముస్లింలు కూడా అదే సందుల్లో ఉన్నారు.

నవంబరు 2 శుక్రవారం ఇండియన్ ఎక్స్‌ప్రెస్ విలేకరులు రాహుల్ బేడీ, జోసెఫ్ మలియకన్ అక్కడికి వెళ్లారు. మొదటిసారి గుంపు వాళ్లను లోపలికి రానివ్వలేదు. అంతా ప్రశాంతంగానే ఉందని పోలీసులు చెప్పారు. సాయంత్రం మళ్లీ వెళ్లినప్పుడు ఆ సందుల్లో కాలు పెట్టడానికి చోటు లేనంతగా శవాలు పడి ఉన్నాయి. ప్రభుత్వం తర్వాత ఒప్పుకున్న లెక్క ప్రకారం ఢిల్లీ మొత్తంలో చనిపోయినవారు 2,733 మంది. ఒక్క త్రిలోక్‌పురిలోనే వందల్లో.

చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. పదేళ్లు దాటిన పిల్లాడైనా సరే గుంపు కంట పడితే బతకడం కష్టమైంది. తల్లులు కొడుకుల జుట్టు కత్తిరించారు. కొందరు మగపిల్లలకు గౌను తొడిగి, జడ వేసి, ఆడపిల్లగా చూపించి కాపాడుకున్నారు. కొడుకును దాచడానికి కూతురి బట్టలు దొరికాయి. కూతురిని దాచడానికి ఆ ఇళ్లలో ఏమీ దొరకలేదు.

హత్యల లెక్క అప్పుడే మొదలైంది, ఇప్పటికీ చర్చలో ఉంది. ఆడవాళ్ల మీద జరిగినదాని లెక్క ఎవరూ తీయలేదు. పీయూసీఎల్, పీయూడీఆర్ అనే రెండు పౌరహక్కుల సంఘాలు కలిసి ఆ నవంబరులోనే 'దోషులెవరు?' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక నివేదిక వేశాయి. త్రిలోక్‌పురిలో ఆడవాళ్లను ఒక గదిలో గుమికూర్చారనీ, పారిపోయినవాళ్లను నాలా దాకా తరిమి అత్యాచారాలు చేశారనీ అందులో ఉంది. త్రిలోక్‌పురి నుంచి వచ్చిన ఏడు అత్యాచార కేసులను జయప్రకాశ్ నారాయణ్ ఆస్పత్రి అధికారికంగా నమోదు చేసిందనీ ఉంది. కొందరిని పక్కనే ఉన్న చిల్లా గ్రామానికి ఎత్తుకుపోయారని బాధితులు చెప్పారు. చిల్లా అంటే ఎక్కడో కాదు. ఇవాళ మయూర్ విహార్ ఫేజ్-1 పిల్లలు ఆటలు నేర్చుకోవడానికి వెళ్లే క్రీడా సముదాయం ఆ ఊరి పేరుతోనే ఉంది.

ఏడు. ఆస్పత్రి కాగితం దాకా వచ్చిన సంఖ్య అది. కాగితం దాకా రానివారు ఎంతమంది?

మధు కిష్వర్ సంపాదకత్వంలో అప్పట్లో ఢిల్లీ నుంచి వెలువడుతున్న 'మానుషి' పత్రిక కోసం శిబిరాలకు వెళ్లినవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు అర్థమైంది గానీ అంకె దొరకలేదు. ఒక నడివయసు స్త్రీ, పెద్ద పిల్లలున్న తల్లి, తనకు జరిగినదంతా చెప్పింది. తాను ఎందుకు చెబుతోందో, మిగతావాళ్లు ఎందుకు చెప్పడం లేదో కూడా చెప్పింది. పెళ్లికాని పిల్లలు ఒప్పుకుంటే వాళ్లను చేసుకోవడానికి ఎవరూ రారు, జన్మంతా అలాగే ఉండిపోవాలి, అందుకే ఇళ్లవాళ్లు నోరు విప్పరు. పెళ్లయి, పిల్లలు పుట్టి, భర్తను పోగొట్టుకున్న మనిషికి పోయేదేమీ లేదు కాబట్టే మాట్లాడగలిగింది. అంటే సాక్ష్యం చెప్పే స్వేచ్ఛ, అన్నీ పోయిన తర్వాత మిగిలిన స్వేచ్ఛ. ఇందులో ఆమె ధైర్యం ఎంత ఉందో, ఆమె చుట్టూ ఉన్న సమాజం మీద అభియోగం కూడా అంతే ఉంది.

మన భాషలోనే ఈ అభియోగానికి ఆధారాలున్నాయి. 'అత్యాచారం' అన్నప్పుడు తప్పు చేసినవాడి మీద ఉంటుంది, హద్దు మీరింది వాడు. 'మానభంగం' అన్నప్పుడు విరిగిపోయింది ఆమె మానం. 'చెడిపోయింది', 'పాడైపోయింది' అన్నప్పుడు చేసినవాడు వాక్యంలోంచే మాయమైపోతాడు. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టమన్న సామెత తెలుగు ఇళ్లలో ఆడపిల్లకు బుద్ధి చెప్పడానికి వాడతారు. ముల్లుకు బుద్ధి చెప్పే సామెత ఏ ఇంట్లోనూ వినిపించదు. ముప్పై రెండో బ్లాకులో మాట 'ఇజ్జత్'. ఇజ్జత్ పోయింది, లూటీ అయింది. ఇంట్లో టీవీ, బీరువా లూటీ అయినట్టే ఇదీ. బీరువా పోయిందని చెబితే జాలిపడతారు. ఇది పోయిందని చెబితే ఆ ఇంట్లో సంబంధం కలుపుకోరు.

ఆ రోజుల్లో తెలుగు తెర మీద కూడా ఇదే నడిచింది. హీరో చెల్లెలికి అన్యాయం జరిగితే తర్వాతి దృశ్యంలో నుయ్యో, ఉరితాడో. ఆమె బతికి, ఉద్యోగం చేసుకుని, నవ్వే సినిమా ఆ కాలపు ప్రేక్షకుడికి అరుదు.

ఈ ఇజ్జత్ కథకు లబానాల పెద్దలు దాటి వచ్చిన సరిహద్దులోనే మూలాలు కనిపిస్తాయి. 1947 మార్చిలో రావల్పిండి జిల్లా థోహా ఖాల్సా గ్రామాన్ని గుంపులు చుట్టుముట్టినప్పుడు, చేత చిక్కకూడదని దాదాపు తొంభై మంది సిక్కు స్త్రీలు బావిలో దూకారు. ఆ బావి కథ తర్వాతి తరాలకు వీరగాథగా అందింది. దూకినవాళ్లకు స్మృతి దక్కింది, దూకనివాళ్లకు మాట కూడా దక్కలేదు. విభజనలో అపహరణకు గురైన స్త్రీలను వెతికి తేవడానికి 1949లో భారత ప్రభుత్వం ప్రత్యేక చట్టమే చేసింది. రెండు దేశాల్లో కలిపి దాదాపు 30,000 మందిని వెనక్కి తెచ్చారు. తెచ్చాక అసలు కష్టం మొదలైంది. చాలా ఇళ్లు తలుపు తీయలేదు. వాళ్లను కడుపులో పెట్టుకోండని గాంధీ, నెహ్రూ బహిరంగంగా వేడుకోవాల్సి వచ్చిందంటే ఆ తలుపులు ఎంత గట్టివో తెలుస్తుంది.

ఢిల్లీ రచయిత్రి ఊర్వశీ బుటాలియా 1984లో బాధితుల మధ్య పనిచేస్తున్నప్పుడు ముసలివాళ్లు పదేపదే ఇది మళ్లీ విభజనలా ఉందనడం విన్నారు. ఇంట్లో అమ్మ, అమ్మమ్మల కాలం నుంచీ వింటున్న విభజన కథలు ఆమెకు అప్పుడు కొత్తగా వినిపించాయి. ఆ దారిలో పదేళ్లకు పైగా నడిచి 1998లో విభజన నాటి ఆడవాళ్ల జ్ఞాపకాల మీద పుస్తకం తెచ్చారు. ఒక మౌనాన్ని అర్థం చేసుకోవడానికి ఇంకో మౌనం కావలసి వచ్చింది.

మరి పది నెలల కిందటే వచ్చిన కొత్త చట్టం ఏమైంది?

చట్టం ఒక మనిషిని ఊహించుకుని రాస్తారు. ఆమె స్టేషన్‌కు నడిచి వెళ్తుంది, ఫిర్యాదు ఇస్తుంది, వైద్య పరీక్షకు వెళ్తుంది, కోర్టులో నేను ఒప్పుకోలేదని చెబుతుంది. అక్కడి నుంచి చట్టం ఆమె చేయి పట్టుకుంటుంది. త్రిలోక్‌పురి స్త్రీకి మొదటి మెట్టే లేదు. ఆమె వెళ్లాల్సింది కల్యాణ్‌పురి స్టేషన్‌కు. గుంపును ఆపలేదని ఆమె ఎవరి మీద ఆరోపిస్తోందో ఆ స్టేషన్‌కే. ఇల్లు కాలిపోయింది, ఒంటి మీది బట్ట తప్ప ఏదీ లేదు. రోజుల తరబడి స్నానానికి కూడా చోటు లేని శిబిరంలో పిల్లలను వెతుక్కుంటున్న మనిషికి, ఆధారాలు చెదరకముందే వైద్య పరీక్షకు వెళ్లాలని ఎవరు చెబుతారు? వందలాది నేరాలను పోలీసులు విడివిడిగా కాక గుత్తగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో కుక్కడం ఆ రోజుల్లో ఢిల్లీ అంతటా జరిగింది. ఆ మూటలో ఒక స్త్రీ ఫిర్యాదు విడిగా కనపడే అవకాశమే లేదు.

కోర్టులు కూడా అప్పటికి ఏ భాషలో మాట్లాడుతున్నాయో గుర్తు చేసుకోవాలి. 1983 మేలో సుప్రీం కోర్టు గుజరాత్‌కు చెందిన భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో బాధితుల పక్షాన మంచి తీర్పే ఇచ్చింది. బాధితురాలి మాట నమ్మదగినదైతే, దానికి వేరే సాక్ష్యం తోడు కావాలని పట్టుబట్టక్కర్లేదంది. కానీ దానికి చెప్పిన కారణం చూడాలి. భారతీయ స్త్రీ ఇలాంటి అబద్ధం ఆడదు, ఎందుకంటే నిజం చెబితేనే సమాజం ఆమెను వెలివేస్తుంది, భర్త ప్రేమ పోతుంది, పెళ్లి కాదు, కాబట్టి ఇంత నష్టపోయి చెప్పిందంటే నిజమే అయ్యుంటుందని. సిగ్గును సాక్ష్యంగా తీసుకున్న తీర్పు అది. ఆ రోజుల పరిస్థితుల్లో ఎంతోమందికి మేలు చేసింది, సందేహం లేదు. అయితే సిగ్గు ఉండటం సహజమే, ఉండాల్సిందే అన్న నమ్మకాన్ని కూడా అదే కదిలించకుండా వదిలేసింది. అప్పటి సాక్ష్య చట్టంలో ఇంకో నిబంధన ఉండేది. అత్యాచారం కేసులో బాధితురాలు నడవడిక మంచిది కాని మనిషని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయవచ్చు. రమీజా బీ మీద పోలీసులు వాడిన ఆయుధమూ ఇదే జాతిది. చట్టాన్ని సవరించిన 1983లో కూడా దాన్ని ముట్టుకోలేదు. అది పోవడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రభుత్వ పరిహారంలోనూ ఈ గాయానికి చోటు దొరకలేదు. ప్రాణం పోతే ఇంత, గాయానికి ఇంత, కాలిన ఇంటికి ఇంత. మొదట ప్రాణానికి కట్టిన వెల 10,000 రూపాయలు. 1996లో ఢిల్లీ హైకోర్టు భజన్ కౌర్ కేసులో దాన్ని వడ్డీతో కలిపి 3,50,000కు పెంచింది. భర్త మరణ ధృవీకరణ పత్రం చేతబట్టుకుని క్యూలో నిలబడటం కష్టమే, అవమానమే. కానీ అక్కడ ఆమెకు ఒక పేరుంది. ఆమె విధవరాలు. సర్కారు, గురుద్వారా, పత్రికలు, పొరుగువాళ్లు ఆ పేరును గుర్తిస్తారు, ఆ దుఃఖానికి తలవంచుతారు. అదే స్త్రీకి జరిగిన రెండో నేరానికి ఏ కౌంటర్లోనూ పేరు లేదు. భర్త చావు గురించి ఆమె ఎంతసేపైనా ఏడవవచ్చు, జనం కలిసి ఏడుస్తారు. తన ఒంటికి జరిగినదాని గురించి ఏడిస్తే నోరు మూయిస్తారు. ఆ నోరు మూసే చేయి చాలాసార్లు సొంత అత్తదో, అమ్మదో. వాళ్లు దుర్మార్గులు కారు. రేపు ఈ పిల్లకు ఇంకో ఇల్లు వెతకాలి కదా అన్న లెక్క వాళ్లది.

ఆ లెక్కే శిబిరాల్లో పనిచేసినవాళ్లను ఎక్కువగా కలచివేసింది. షాదరాలోని శ్యామ్‌లాల్ కాలేజీలో, ఫర్శ్ బజార్‌లో శిబిరాలు పెట్టారు. 'నాగరిక్ ఏక్తా మంచ్' పేరుతో ఢిల్లీ పౌరులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు బియ్యం, దుప్పట్లు మోసుకెళ్లారు, వాంగ్మూలాలు రాసుకున్నారు. అమృత్ శ్రీనివాసన్, వీణా దాస్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు ఆ తర్వాత నెలల తరబడి బతికినవారి మధ్య తిరిగారు. వాళ్లు చూసింది ఇది: పరిహారం సొమ్ము వచ్చేసరికి ఇళ్లలో కొత్త కొట్లాటలు మొదలయ్యాయి. కొడుకు పోయిన మామ ఒకవైపు, భర్త పోయిన కోడలు ఒకవైపు. లబానాల్లో భర్త పోయిన స్త్రీని బతికున్న మరిదికిచ్చి 'చాదర్' వేయడం ఆచారం. డబ్బు ఇల్లు దాటిపోకుండా ఉండటానికి ఈ ఆచారం మీద ఒత్తిడి పెరిగింది. అలాంటి ఇంట్లో, తనను చేసుకోబోయే మరిది ముందు, ఆ రెండు రోజుల్లో నాకిది కూడా జరిగిందని ఏ స్త్రీ అంటుంది?

మాట బయటికి రాకపోతే అది లోపల ఏం చేస్తుంది? దీనికి అప్పటికే వైద్యం ఒక జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అమెరికాలోని బోస్టన్ నగర ఆస్పత్రి అత్యవసర విభాగానికి వచ్చిన అత్యాచార బాధితులతో నర్సు యాన్ బర్జెస్, సమాజ శాస్త్రవేత్త లిండా హోమ్‌స్ట్రామ్ ఏడాది పాటు మాట్లాడారు. 92 మంది స్త్రీల అనుభవాల ఆధారంగా 1974లో ఒక వ్యాసం ప్రచురించారు. నిద్ర పట్టకపోవడం, చప్పుడుకు ఉలిక్కిపడటం, జరిగిన చోటికి వెళ్లలేకపోవడం, పీడకలలు, తప్పు నాదేనేమో అనుకోవడం, అన్నిటికీ మించి చంపేస్తారన్న భయం. కొందరు ఏడుస్తారు. కొందరు రాయిలా మామూలుగా కనపడతారు. ఆ రెండోవాళ్లను చూసి జనం, ఈమెకేం కాలేదు అనుకుంటారు. 1978లో సుప్రీం కోర్టు మథుర కేసులో గాయాలు, కేకలు వెతికినప్పుడు, కేక పెట్టలేనంతగా బిగుసుకుపోవడం కూడా భయం పనేనని వైద్యం అప్పటికే రాసిపెట్టింది. ఆ సమాచారం న్యాయస్థానం గడప దాటి లోపలికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

త్రిలోక్‌పురి విధవలకు పశ్చిమ ఢిల్లీలోని తిలక్ విహార్‌లో చిన్న చిన్న ఫ్లాట్లు ఇచ్చారు. ఆ చోటికి 'విడో కాలనీ' అనే పేరు స్థిరపడిపోయింది. బతకడానికి కొందరికి ప్రభుత్వ బడుల్లో, కార్యాలయాల్లో నాలుగో తరగతి ఉద్యోగాలు దొరికాయి. గడప దాటి ఎరగని ఆడవాళ్లు బస్సు నంబర్లు గుర్తుపట్టడం నేర్చుకున్నారు, నెల జీతానికి వేలిముద్రో సంతకమో పెట్టారు. తల్లి పనికి వెళ్తే ఇంట్లో చూసే పెద్ద దిక్కు లేక, ఆ పిల్లల్లో ఎంతోమంది మగపిల్లలు చదువు మానేసి మత్తుమందులకు అలవాటుపడ్డారు. తిలక్ విహార్ మీద రాసిన ప్రతివాళ్లూ ఈ రెండో తరం గురించి రాశారు. మొదటి తరం స్త్రీల రెండో గాయం గురించి రాసినవాళ్లు చాలా తక్కువ. 1985లో వేసిన మిశ్రా కమిషన్, 2000లో వేసిన నానావతి కమిషన్ హత్యల చుట్టూ, కుట్ర చుట్టూ, పోలీసు వైఫల్యం చుట్టూ తిరిగాయి. అవి అవసరమైన ప్రశ్నలే. ఈ ప్రశ్న వాటి మధ్య నలిగిపోయింది.

కోర్టు తీర్పు ఒకటి వచ్చింది. 1996 ఆగస్టు 27న ఢిల్లీ సెషన్స్ కోర్టు త్రిలోక్‌పురి కేసులో 80 మందికి పైగా నిందితులకు ఐదేళ్ల చొప్పున శిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు. హైకోర్టు ఆ అప్పీళ్ల మీద తీర్పు చెప్పింది 2018 నవంబరు 28న, అంటే ఇరవై రెండేళ్ల తర్వాత. ఎక్కువమంది శిక్షలను ఖాయం చేసింది. మరుసటి ఏడాది సుప్రీం కోర్టు వాళ్లలో కొందరిని విడిచిపెట్టింది. రికార్డు ప్రకారం ఆ ఘటనలో దొరికిన శవాలు 95, కాలిన ఇళ్లు దాదాపు వంద. శిక్షలు మాత్రం అల్లర్లు, ఇళ్లు తగలబెట్టడం, కర్ఫ్యూ ఉల్లంఘన కింద. హత్య అభియోగమే లేదు. అత్యాచారం మాట ఆ శిక్షల జాబితాలో ఎక్కడా లేదు. కర్ఫ్యూ వేళ రోడ్డు మీద ఉండటం నేరంగా రుజువైంది. ఆ రోడ్డు పక్క గదుల్లో జరిగింది కాగితం మీదికే రాలేదు.

చెప్పని స్త్రీలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు మౌనంగా ఉండటం ఎవరికి లాభించిందో మాత్రం అడగాలి. గుంపుకు లాభించింది, శిక్ష తప్పింది. పోలీసులకు లాభించింది, ఒక నేరం తగ్గింది. తమ ఆడవాళ్లకు ఏమీ జరగలేదని చెప్పుకోవాలనుకున్న పెద్దమనుషులకు లాభించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మయూర్ విహార్ వైపు కొత్త ఫ్లాట్లలోకి సామాను దించుకుంటున్న మధ్యతరగతికీ లాభించింది, పక్క వీధి చరిత్ర తెలియకుండానే గడిచిపోయింది. ఇంతమందికి పనికొచ్చిన మౌనాన్ని మోసింది మాత్రం ముప్పై రెండో బ్లాకు ఆడవాళ్లే. వాళ్లలో బతికున్నవాళ్లు ఇప్పుడు నాయనమ్మలు, అమ్మమ్మలు. ప్రతి నవంబరు మొదటివారంలో తిలక్ విహార్ గురుద్వారాలో పోయినవారి ఫోటోల ముందు వాళ్లు కూర్చుంటారు. గోడ నిండా మగవాళ్ల ముఖాలు.

త్రిలోక్‌పురి జరిగిన ఎనిమిదేళ్లకు, జైపూర్‌కు దాదాపు 55 కిలోమీటర్ల దూరంలోని భటేరి అనే ఊళ్లో ఒక కుమ్మరి స్త్రీ వీటన్నిటికీ ఎదురు నడిచింది. చట్టం దాచమన్న తన పేరును తానే లోకానికి చెప్పింది. ఆమె భంవరీ దేవి, ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో చిన్న జీతానికి పనిచేసే 'సాథిన్'. పసిపాపకు జరుగుతున్న పెళ్లిని ఆపబోయినందుకు ఊరి పెద్ద కులాలవాళ్లు ఆమె మీద పగబట్టారు. 1992 సెప్టెంబరు 22 సాయంత్రం పొలంలో భర్త కళ్ల ముందే ఆమె మీద దాడి జరిగింది. స్టేషన్‌లో సాక్ష్యం కోసమని ఆమె లంగా తీసుకున్నారు. భర్త తలపాగా గుడ్డ చుట్టుకుని, అర్ధరాత్రి దాటాక ఆమె అక్కడి నుంచి నడిచి బయటికి వచ్చింది. ఆ తలపాగా చుట్టుకున్న స్త్రీ కేసు నుంచి దేశంలోని ప్రతి ఆఫీసుకూ వర్తించిన, లైంగిక వేధింపులను అడ్డుకునే విశాఖ మార్గదర్శకాలు ఎలా పుట్టాయో, ఆమెకు మాత్రం న్యాయమూర్తి ఏ కారణం చెప్పి న్యాయం నిరాకరించాడో వచ్చే భాగంలో.